సాయం చేసే ముందు... ఓ పాఠం!

సెలవులిస్తే చాలు, విమానమెక్కి ఏ ఆఫ్రికాకో నేపాల్‌కో వెళ్లి పేదపిల్లలకు సేవ చేసి రావాలన్నది ఎంతోమంది హైస్కూలు పిల్లల కల. ఆ కల వెనక మంచి మనసుంది. కానీ మంచి మనసొక్కటే చాలదు. తెలియక చేసే సాయం ఒక్కోసారి చిన్నారుల్ని కన్నవాళ్లకే దూరం చేస్తోంది. అందుకే ‘సేవకు పంపేముందు పిల్లలకు సేవంటే ఏంటో నేర్పండి’ అంటున్నారు తెలిసినవాళ్లు.

టాంజానియాలో ఓ అనాథాశ్రమం. అమెరికా నుంచి వచ్చిన పదిహేనుమంది స్కూలు అమ్మాయిలు అక్కడ లైబ్రరీ కడుతున్నారు. సిమెంటు కలిపారు. ఇటుకలు అందించుకున్నారు. వరస మీద వరస పేర్చారు. సాయంత్రమయ్యేసరికి గోడ కాస్త పైకి లేచింది. మంచిపని చేశామన్న తృప్తితో వెళ్లి నిద్రపోయారు.

అప్పుడొచ్చారు స్థానిక కూలీలు. పగలు ఆ అమ్మాయిలు వంకరటింకరగా కట్టిన ఇటుకల్ని ఊడదీశారు. మళ్లీ తిన్నగా పేర్చి కట్టారు. తెల్లారి లేచిన అమ్మాయిలకు ఏ తేడా తెలియలేదు. ఆ రోజూ ఇటుకలు పేర్చారు. ఆ రాత్రీ కూలీలు వచ్చారు.

ఆ పదిహేనుమందిలో ఒకరు పిప్పా బిడిల్. కొన్నేళ్ల తరవాత, 2014లో, ఆ ముచ్చటను దాచుకోకుండా ఓ వ్యాసంగా రాసింది. తలా మూడు వేల డాలర్లు కట్టి వెళ్లారు వాళ్లు. ఓ వారం ఆశ్రమంలో సేవ, ఇంకో వారం అడవిలో సింహాల్నీ ఏనుగుల్నీ చూసే సఫారీ. ‘చదువుల్లో మేమంతా ముందుండేవాళ్లమే. కానీ గోడ కట్టడం మాకు రాదు. ఆ డబ్బేదో ఆశ్రమానికిచ్చి ఊళ్లో మేస్త్రీలకు పనిస్తే లైబ్రరీ త్వరగా లేచేది, నాలుగిళ్లలో పొయ్యి వెలిగేది’ అన్నది ఆ వ్యాసం సారాంశం. దాన్ని లక్షలమంది చదివారు. కొందరు మెచ్చుకున్నారు. కొందరు తిట్టిపోశారు. ‘సాయం చేయడానికి వెళ్లిన పిల్లల్ని ఇలా చిన్నబుచ్చుతారా’ అని నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

నిజమే. పదహారేళ్ల పిల్ల ఎవరికో మేలు చేయాలనుకోవడంలో తప్పేముంది? తప్పల్లా ఆ పిల్లకు ముందుగా ఎవరూ ఏమీ చెప్పకపోవడంలోనే ఉంది.

అప్పుడలా... ఇప్పుడిలా!

పరాయి దేశానికి వెళ్లి స్వచ్ఛందంగా పనిచేయడం కొత్త ఆలోచనేం కాదు. బ్రిటన్‌లో 1958లో ‘వీఎస్ఓ’ అనే సంస్థ పుట్టింది. మొదట్లో అది స్కూలు చదువు పూర్తయిన కుర్రాళ్లనే విదేశాలకు పంపేది. అక్కడ కావాల్సింది ఉత్సాహం కాదు, పని తెలిసిన చేతులని అనుభవం మీద అర్థమైంది. దాంతో క్రమంగా ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజినీర్లలాంటి నిపుణుల వైపు మళ్లింది. అమెరికాలో 1961లో అధ్యక్షుడు కెన్నెడీ ‘పీస్‌కోర్’ను ప్రారంభించారు. అందులో చేరినవాళ్లు సుమారు మూడు నెలలు భాష, పద్ధతులు నేర్చుకుని రెండేళ్లపాటు పనిచేయాలి. అదీ ఆతిథ్యమిచ్చే దేశం రమ్మంటేనే. 1961 నుంచి 1976 దాకా మన దేశంలోనూ వాళ్లు పనిచేశారు.

ఆ రోజుల్లోనే ఒకాయన గట్టిగా అడ్డుచెప్పారు. ఆయన పేరు ఇవాన్ ఇలిచ్. ఆస్ట్రియాలో పుట్టిన మేధావి, క్రైస్తవ మతగురువు. 1968లో మెక్సికోలోని కుయెర్నవాకలో, అక్కడి పల్లెల్లో సేవచేయడానికి సిద్ధమైన అమెరికా విద్యార్థుల సభకు ఆయన్ని పిలిచారు. పొగుడుతారని అంతా ఎదురుచూస్తే ఆయన వాయించేశారు. మీరు మాట్లాడే భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష మీకు రాదు, మీ మంచి ఉద్దేశాలతో వాళ్లకు ఒరిగేదేం లేదన్నారు. చూడ్డానికి రండి, నేర్చుకోడానికి రండి కానీ ఉద్ధరించడానికి మాత్రం రావద్దన్నది ఆయన మాట. ఆ ప్రసంగాన్ని విదేశీ సేవాయాత్రలకు వెళ్లే విద్యార్థుల చేత ఇప్పటికీ చదివిస్తుంటారు.

తరవాత్తరవాత రెండేళ్లు కాస్తా రెండు వారాలైంది. సేవ కాస్తా విహారయాత్రతో కలిసిపోయింది. దానికి ‘వాలంటూరిజం’ అని పేరూ వచ్చింది. ఏటా సుమారు 16 లక్షలమంది ఇలా వెళ్తున్నారని 2008లో ఓ అంచనా. డబ్బు కడితే చాలు... భాష రాకపోయినా పాఠం చెప్పొచ్చు, తాపీ పట్టకపోయినా గోడ కట్టొచ్చు. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి నాలుగు వాక్యాలూ, పంచుకోవడానికి నలభై ఫొటోలూ మిగులుతాయి. ఒకప్పుడు కుర్రాళ్లను పంపిన వీఎస్ఓనే 2007లో ‘ఇలాంటి పనికిరాని సేవాయాత్రలకన్నా సరదాగా దేశాలు తిరిగి రావడమే నయం’ అని హెచ్చరించాల్సి వచ్చింది.

అమ్మానాన్నలున్న ‘అనాథలు’

గోడ వంకరైతే మళ్లీ కట్టుకోవచ్చు. మరి పిల్లల విషయంలో?

కంబోడియా కథ చూడండి. 2005లో ఆ దేశానికి వచ్చిన విదేశీ పర్యటకులు 14 లక్షలు. 2010 నాటికి 25 లక్షలయ్యారు. అదే అయిదేళ్లలో అక్కడి అనాథాశ్రమాల సంఖ్య 154 నుంచి 269కి చేరింది. అంటే 75 శాతం పెరుగుదల! యుద్ధాలు ఎప్పుడో ఆగిపోయాయి. మరి అంతమంది అనాథలు ఎక్కడినుంచి వచ్చారు? ప్రభుత్వమూ యూనిసెఫ్ కలిసి చేయించిన పరిశీలన 2011లో వెలువడింది. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారని తేలింది. ‘మీవాణ్ని మాతో పంపండి, మంచి చదువు చెప్పిస్తాం, ఇంగ్లిష్ నేర్పిస్తాం’ అంటే పేద తల్లిదండ్రులు నమ్మి పంపించారు. పిల్లలుంటేనే విదేశీయులు వస్తారు. విదేశీయులొస్తేనే విరాళాలొస్తాయి. కాబట్టి పిల్లలు కావాలి!

అదే ఏడాది అక్కడ పనిచేసే ‘ఫ్రెండ్స్ ఇంటర్నేషనల్’ సంస్థ ఓ ప్రచారం మొదలుపెట్టింది. మ్యూజియంలో వస్తువుల్లా అద్దాల పెట్టెలో పిల్లలు. చుట్టూ కెమెరాలతో పర్యటకులు. పిల్లలు చూసిపోయే వింతలు కారని దాని సారాంశం. ఆ పోస్టరు చూసి చాలామంది ఉలిక్కిపడ్డారు.

నేపాల్‌దీ అలాంటి కథే. 1996 నుంచి 2006 దాకా అక్కడ మావోయిస్టుల అంతర్యుద్ధం సాగింది. కొండల్లోని పల్లెలకు దళారులు వెళ్లారు. ‘పిల్లల్ని ఖాట్మండూ తీసుకెళ్లి కాపాడతాం, చదివిస్తాం’ అన్నారు. అప్పుచేసి మరీ డబ్బు చేతిలో పెట్టి, కన్నబిడ్డల్ని అప్పగించారు తల్లిదండ్రులు. 2004లో కోనర్ గ్రెనన్ అనే అమెరికా యువకుడు ప్రపంచయాత్ర చేస్తూ, కొన్నాళ్లు సేవ చేద్దామని అలాంటి పిల్లలున్న ఓ ఆశ్రమానికి వెళ్లాడు. అందరూ అనాథలేనని ఆయన నమ్మకం. ఓరోజు ఇద్దరు పిల్లల్ని వెతుక్కుంటూ వాళ్లమ్మ వచ్చి నిలబడింది. అప్పుడు తెలిసింది ఆయనకు అసలు సంగతి. తరవాత ఆయన మారుమూల హుమ్లా కొండల్లో కాలినడకన తిరిగి ఆ పిల్లల కన్నవాళ్లను వెతికాడు. పిల్లల్ని ఇళ్లకు చేర్చేందుకు 2006లో ‘నెక్స్ట్ జనరేషన్ నేపాల్’ అనే సంస్థను స్థాపించాడు.

నేపాల్ ఆశ్రమాల్లోని పిల్లల్లో దాదాపు 85 శాతానికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరున్నారన్నది యూనిసెఫ్ చెప్పే లెక్క. ఆ ఆశ్రమాల్లో అత్యధికం ఉన్నవీ పేద జిల్లాల్లో కాదు... ఖాట్మండూ, పోఖరా, చిత్వన్ లాంటి పర్యటక ప్రాంతాల్లో! ప్రపంచం మొత్తం మీద చూసినా ఆశ్రమాల్లోని ప్రతి అయిదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో ఉన్నారని ‘సేవ్ ద చిల్డ్రన్’ సంస్థ 2009లో పేర్కొంది.

టాటా చెప్పిన ప్రతిసారీ...

ఆశ్రమంలోకి అడుగుపెట్టగానే పిల్లలు పరుగెత్తుకొచ్చి మీద పడతారు. ఒళ్లో కూర్చుంటారు. వెళ్తుంటే ఏడుస్తారు. సేవకు వెళ్లిన అమ్మాయి అది చూసి ‘ఎంత ప్రేమో’ అని కరిగిపోతుంది. ఇంటికొచ్చి కన్నీళ్లతో చెప్పుకుంటుంది.

మన ఇంట్లో రెండేళ్ల పాప ముక్కూమొహం తెలియనివాళ్లొస్తే ఏంచేస్తుంది? అమ్మ కొంగు పట్టుకుని వెనక్కి దాక్కుంటుంది. అది ఆరోగ్యకరమైన భయం. కనిపించిన ప్రతివాళ్లనూ హత్తుకునే పాపకు ఆ భయం లేదంటే... తనదంటూ ఓ కొంగు లేదని అర్థం. బిడ్డకు తన మనిషి అంటూ ఒకరు నిలకడగా ఉండాలని బ్రిటన్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్యసంస్థకిచ్చిన నివేదికలో చెప్పారు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది చిన్నారులపై 2000లో శాస్త్రవేత్తలు అధ్యయనం ప్రారంభించారు. కొందరిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఆశ్రమాల్లో ఉండిపోయినవాళ్లకన్నా ఇళ్లలో పెరిగినవాళ్ల తెలివితేటలు మెరుగ్గా ఉన్నాయని 2007లో వెల్లడించారు.

ఇక ఈ సేవాయాత్రల ప్రభావాన్ని దక్షిణాఫ్రికా పరిశోధకురాలు లిండా రిక్టర్, అమీ నార్మన్ 2010లో విశ్లేషించారు. రెండు వారాలకొకరు వచ్చి, దగ్గరై, వెళ్లిపోతుంటే ఆ పసివాళ్లు పదేపదే మనిషిని పోగొట్టుకున్నట్టే అవుతుందన్నారు. వెళ్లేవాళ్లకు అది ఒక్క వీడ్కోలు. పాపకు? ఏడాదికి పాతిక!

ప్రభుత్వాలూ కదిలాయి

ఈ చేదు నిజాలు నెమ్మదిగా చట్టాలదాకా వెళ్లాయి. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఒకటి ఆధునిక బానిసత్వంపై విచారణ జరిపి, విదేశీ ఆశ్రమాల్లోకి పిల్లల తరలింపునూ అందులో భాగంగానే చూడాలని 2017లో చెప్పింది. మరుసటేడాది వచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంగా ఆ దేశం దాన్ని గుర్తించింది. తక్కువ కాలానికి, అర్హత లేకుండా ఆశ్రమాల్లో సేవకు వెళ్లొద్దని 2018లోనే తన పౌరులకు చెప్పడం మొదలుపెట్టింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కులపై చేసిన తీర్మానంలో, ఆశ్రమాల్లో పర్యటకుల సేవాకార్యక్రమాలు పిల్లలకు చేసే హాని గురించి ప్రస్తావించింది. హ్యారీపోటర్ రచయిత్రి జేకే రౌలింగ్ 2019లో లండన్‌లో యువత సదస్సుకు వెళ్లి ‘అనాథాశ్రమాల్లో వాలంటీర్లుగా చేరకండి’ అని నేరుగా కోరారు.

చట్టాలు పెద్దవాళ్ల కోసం. పిల్లలకు కావాల్సింది పాఠం. విమానం ఎక్కేముందు... తరగతి గదిలో.

తరగతి గదిలో మూడు ఆటలు

ఈ పాఠం ఉపన్యాసంలా చెబితే ఎక్కదు. ‘నీ సేవ దండగ’ అంటే పిల్లలు మొత్తానికే ముడుచుకుపోతారు. రేపు పక్కింటి ముసలాయన జారిపడినా ‘మనకెందుకులే’ అనుకునే స్థితి వస్తే అది ఇంకా పెద్ద నష్టం. దయను చంపకుండా దానికి కళ్లు తెరిపించడమే మాస్టారి పని. అందుకు మంచి దారి... నీతులు చెప్పకుండా పిల్లలతోనే లెక్కలు వేయించడం, వాళ్లనే ఆ కుర్చీలో కూర్చోబెట్టడం.

మొదటిది లెక్కల ఆట. 1998లో మిచ్ తుపాను హోండురస్‌ను తుడిచిపెట్టేసింది. ఇళ్లు కట్టేందుకు ఉత్తర అమెరికా నుంచి బృందాలు తరలివెళ్లాయి. కర్ట్ వెర్‌బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త తరవాత అక్కడి ఇళ్లను పరిశీలించారు. స్థానికులు కట్టిన ఇంటికి సుమారు 2 వేల డాలర్లు అయింది. వచ్చిన ఒక్కో బృందం ప్రయాణాలతో కలిపి పెట్టిన ఖర్చు సుమారు 30 వేల డాలర్లు. బోర్డు మీద ఆ రెండు అంకెలూ రాసి మాస్టారు ఊరుకుంటే చాలు. భాగహారం పిల్లలే చేస్తారు. ఒక ఇంటి చోట పదిహేను ఇళ్లు! ఆ ఇళ్లలో ఉంటున్నవాళ్లకు మాత్రం ఇల్లు విదేశీయులు కట్టారా, ఊరివాళ్లు కట్టారా అన్నదాంతో తేడా ఏమీ లేదని కూడా ఆయన పరిశీలనలో తేలింది. అయితే ఎవరో ఓ విద్యార్థి లేచి అడుగుతాడు... ‘మేం వెళ్లం అంటే ఆ 30 వేలు ఎవరైనా ఇస్తారా సార్?’ మంచి ప్రశ్నే. జనం టికెట్టుకు ఇచ్చినంత తేలిగ్గా ఇటుకకు ఇవ్వరు. ఎందుకివ్వరన్నదే అసలు చర్చ. అక్కడినుంచి పిల్లలు తమ మనసులోకి తాము చూసుకోవడం మొదలవుతుంది.

రెండోది కుర్చీల ఆట. ‘మన ఊరి బడికి రేపు ఎనిమిదిమంది విదేశీ కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లకు తెలుగు రాదు. టీచరు శిక్షణ లేదు. అయినా రెండు వారాలు మీ తమ్ముడికి లెక్కలు చెబుతారు. మధ్యలో వాణ్ని ఎత్తుకుని ఫొటోలు దిగుతారు. మీ వంటింట్లోకి తొంగిచూసి పాపం అంటారు. మీ అమ్మ ఒప్పుకుంటుందా?’ తరగతి మొత్తం నవ్వుతుంది. ‘మా అమ్మయితే గుమ్మంలోనే ఆపేస్తుంది సార్’ అంటుందో పిల్ల. మరి అక్కడి అమ్మను ఎవరైనా అడిగారా? నవ్వు ఆగిపోయేది అక్కడే. పాఠం మొదలయ్యేదీ అక్కడే. అమెరికా వైద్య కళాశాలల సంఘం విదేశాల్లో సేవకు వెళ్లే విద్యార్థుల కోసం 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి సారం ఇదే. సొంతగడ్డ మీద చేయనివ్వని పనిని పరాయిగడ్డ మీదా చేయకూడదు. అక్కడివాళ్లు పేదవాళ్లయినంత మాత్రాన వాళ్ల పళ్లు పీకడం నేర్చుకునే హక్కు మనకు రాదు!

మూడోది ఫొటోల ఆట. 2012లో నార్వే విద్యార్థుల సంస్థ ‘సాయీ’ ఓ వీడియో తీసింది. అందులో ఆఫ్రికా యువత ‘పాపం నార్వేలో పిల్లలు చలికి వణికిపోతున్నారు, రండి అందరం కలిసి గది వెచ్చబెట్టే యంత్రాలు పంపిద్దాం’ అంటూ చందాలు అడుగుతూ పాట పాడతారు. చూసినవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వాక ఆలోచించారు. ఒక దేశం గురించి ఒకే ముక్క, అదీ జాలిపడే ముక్క చూపిస్తే ఎంత హాస్యాస్పదంగా ఉంటుందో ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు! అదే సంస్థ 2017లో యాత్రికుల కోసం ఫొటోల నియమాలు రూపొందించింది. ఎదుటివాళ్ల గౌరవం తగ్గకూడదు. వాళ్లకర్థమయ్యేలా చెప్పి అనుమతి తీసుకోవాలి. ఈ ఫొటో ఎందుకు తీస్తున్నానని తనను తాను ప్రశ్నించుకోవాలి. దాని ద్వారా పాత అపోహల్ని పెంచకుండా తుంచాలి. ‘మీ చెల్లి జ్వరంతో పడుకుంటే ఎవరో ఫొటో తీసి పదిమందికీ పంచితే ఊరుకుంటారా’ అని అడిగి చూడండి. నాలుగు నియమాలూ పిల్లలు తామే చెప్పేస్తారు.

మనకెందుకీ పాఠం?

‘ఇదంతా తెల్లదొరల గొడవ కదా, మనకేంటి’ అనుకోనక్కర్లేదు. అమెరికాలో పెరిగే మన పిల్లలు వేసవికి ఇక్కడికొచ్చి తాతగారి ఊరి బడిలో నాలుగు రోజులు ఇంగ్లిష్ చెప్పి వెళ్లడం మామూలైంది. మన నగరాల్లోని పిల్లలూ విదేశీ చదువుల దరఖాస్తుల కోసం సేవ చేసిన ధ్రువపత్రాలు పోగుచేసుకుంటున్నారు. పుట్టినరోజంటే కేకు పట్టుకుని అనాథాశ్రమానికి వెళ్లి, అక్కడి పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫొటోలు తీసుకునే అలవాటు మనదే కదా!

ఇక్కడ మన చట్టమూ ఓ మాట చెబుతోంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ప్రతి ఆశ్రమం... ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా రిజిస్టరు చేయించుకోవాల్సిందే. సంరక్షణలో ఉన్న పిల్లల ఫొటోలూ పేర్లూ వివరాలూ వాళ్లెవరో తెలిసేలా ప్రచురించడం, ప్రచారం చేయడం నేరం. ఆరు నెలల జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు. కేకు ముక్క పెట్టి ఫొటో తీసుకునేముందు గుర్తుంచుకోవాల్సిన సంగతే ఇది.

పరాయిదేశం నుంచి వచ్చి సేవ చేసినవాళ్లను మన గడ్డా చూసింది. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరుకున్నారు. 2009లో కన్నుమూసేదాకా నలభై ఏళ్లు అక్కడే ఉండిపోయారు. కరవు సీమలో వాన ఎప్పుడు రాదో, బావి ఎక్కడ ఎండుతుందో తెలుసుకోడానికి రెండు వారాలు చాలవు మరి. అందరూ నలభై ఏళ్లు ఇవ్వలేరు. ఇవ్వాల్సిన పనీ లేదు. కానీ రెండు వారాల్లో ఏం చేయొచ్చో, ఏం చేయలేమో తెలుసుకోవడం మాత్రం అందరూ చేయగలిగిన పనే.

మరి మానేయాలా?

అక్కర్లేదు. వరస మార్చుకుంటే చాలు. సాయం తరవాత, నేర్చుకోవడం ముందు. ఈ మాటను గట్టిగా చెబుతున్నవారిలో అమెరికాకు చెందిన డేనియెలా పాపీ-థార్న్‌టన్ ఒకరు. ఆమె కూడా ఒకప్పుడు బడి కట్టించడానికి చందాలు వసూలు చేసి, మిత్రులతో కలిసి కంబోడియాలో సైకిల్ యాత్ర చేసినావిడే. కొన్నేళ్లు అక్కడే ఉన్నాక, పాఠం చెప్పేది గోడలు కాదు మనుషులని అర్థమైంది. అప్పటినుంచి విదేశీయుల్ని సేవకని కాకుండా నేర్చుకోవడానికని పిలవడం మొదలుపెట్టారు. మరో ముగ్గురితో కలిసి 2018లో ‘లెర్నింగ్ సర్వీస్’ అనే పుస్తకం తెచ్చారు.

నేర్చుకోవడానికని వెళ్తే మర్యాదా మారుతుంది. ఆతిథ్యమిచ్చే ఇంటి పెద్దావిడ అప్పుడు జాలిపడాల్సిన మనిషి కాదు... గురువు. ఆమె దగ్గర రొట్టె చేయడం నేర్చుకోవచ్చు. వాళ్ల భాషలో వంద మాటలు నేర్చుకోవచ్చు. ఆ ఊళ్లో నీళ్లెందుకు రావో, పంటకు ధర ఎందుకు లేదో తెలుసుకుని, తిరిగొచ్చాక పదిమందికీ సరిగ్గా చెప్పొచ్చు.

ఇక నిజంగా సాయమే చేయాలనుకుంటే దానికీ దారులున్నాయి. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పశ్చిమాఫ్రికాలోని లైబీరియాకు చేయూతనిచ్చిన తీరు చూడండి. ఇక్కడినుంచి డాక్టర్లు వెళ్లి నాలుగు రోజుల శిబిరం పెట్టి తిరిగొచ్చేయలేదు. అక్కడి యువతీయువకుల్ని హైదరాబాద్ రప్పించి శిక్షణ ఇచ్చారు. రాజధాని మన్రోవియాలో 2017లో కంటి ఆసుపత్రి మొదలైంది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ స్థాపించిన ‘బేర్‌ఫుట్ కాలేజీ’దీ ఇదే పద్ధతి. చదువురాని ఆఫ్రికా పల్లెల అమ్మమ్మలు అక్కడికొచ్చి సైగలతో, రంగుల గుర్తులతో ఆరు నెలలు సౌరదీపాల పని నేర్చుకున్నారు. తిరిగెళ్లి తమ ఊళ్లో తామే దీపాలు వెలిగించారు. సాయం చేసినవాళ్లు వెళ్లిపోయాక కూడా దీపం ఆరిపోదు!

వెళ్లేముందు అడగండి

పిల్లలు సేవాయాత్రకు వెళ్తామంటే అమ్మానాన్నలు నిర్వాహకులను ఈ ప్రశ్నలు అడిగి చూడాలి.

* ఈ పని కావాలని అడిగింది ఎవరు... ఆ ఊరివాళ్లా, యాత్ర నడిపే సంస్థా?

* ఇదే పని చేయగలిగిన మనిషి ఆ ఊళ్లో ఉన్నాడా? మనం వెళ్తే అతని కూలీ పోతుందా?

* కట్టిన డబ్బులో ఊరికి చేరేదెంత?

* మావాడికి ఈ పని వచ్చో రాదో ఎవరూ అడగలేదేం? వెళ్లేవాళ్ల పూర్వాపరాలు కనుక్కోకుండా పిల్లల దగ్గరికి ఎవరినైనా పంపేస్తున్నారంటే... అక్కడి పిల్లలకు రక్షణ లేదనే అర్థం.

* అనాథాశ్రమంలో సేవ అన్నారా? ఆ పిల్లల్ని సొంత కుటుంబాలకు చేర్చేందుకు ఏంచేస్తున్నారు? సమాధానం లేదంటే ఆ యాత్ర వద్దు.

* మనం వచ్చేశాక ఆ పని ఎవరు కొనసాగిస్తారు?

చివరికి పిప్పా ఏంచేసింది?

టాంజానియా నుంచి వచ్చాక కూడా పిప్పా బిడిల్ సేవ మానలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో హెచ్ఐవీ ఉన్న పిల్లల కోసం వేసవి శిబిరం పెట్టడానికి వెళ్లింది. అక్కడ స్పానిష్ మాట్లాడతారు. ఆమెకు వచ్చింది అరకొర భాష. జ్వరమొచ్చిన పాపను ఊరుకోబెట్టాలన్నా, అల్లరి పిల్లాడికి సర్దిచెప్పాలన్నా స్థానిక సిబ్బందే చకచకా చేసుకుపోతున్నారు. తనవల్ల వాళ్లకు సాయం కన్నా అడ్డమే ఎక్కువని చివరికి అర్థమైంది. టాంజానియాలో గోడ నేర్పని పాఠాన్ని ఇక్కడ పిల్లలు నేర్పారు.

ఆమె చిన్నబుచ్చుకోలేదు. తనకేం వచ్చో ఆలోచించుకుంది. చందాలు పోగుచేయడం వచ్చు. ఏర్పాట్లు చూడటం వచ్చు. ఆ పనులు చేయడానికి శిబిరంలో నిలబడక్కర్లేదు. ఏళ్ల తరబడి శిబిరానికి నిధులు సమకూర్చింది. కొన్నేళ్లకు ఆ శిబిరాన్ని చాలావరకు డొమినికన్లే నడపసాగారు. తమలాంటి రంగు, తమలాంటి మాట ఉన్నవాళ్లే ముందు నిలబడి నడిపిస్తుంటే ఆ పిల్లలు తలెత్తి చూశారు.

అక్కడ రాత్రిపూట ఎవరూ వచ్చి ఇటుకలు ఊడదీయాల్సిన అవసరం రాలేదు.